దింపు ఎప్పుడు తీయమంటారండీ?

కొబ్బరి చెట్టుకి మైల ఉండదు. ఇంట్లో మనిషి పోయినా, వాకిట్లో పెళ్ళిపందిరి వేసినా దాని లెక్క దానిదే. నలభై అయిదు రోజులకో, చలికాలమైతే రెండు నెలలకో దింపు తీయాల్సిందే, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించాల్సిందే, తీయకపోతే ముదిరిన కాయలు వాటంతటవే రాలిపోతాయి, ఆ రాలుకాయ ఎవరి సంచిలోకి పోతుందో ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

మా ఆయన 2024 డిసెంబరులో, ధనుర్మాసం పెట్టిన కొత్తలో పోయారు. రాత్రి అన్నం తిని, గేదెకి గడ్డి వేసి వచ్చి, గుండెల్లో పట్టేసినట్టుంది అన్నారు. అమలాపురం తీసుకెళ్ళేలోపే అయిపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే మా తోటలో దింపు తీసే అతను వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, "అమ్మగారండీ, దింపు ఎప్పుడు తీయమంటారండీ?" అని అడిగాడు. ఇంటినిండా చుట్టాలున్నారు. మా ఆడపడుచు అయితే, ఇప్పుడా అడిగేది, కాస్తయినా ఉండక్కర్లేదా అని గట్టిగానే కేకలేసింది. అతను తల దించుకున్నాడు. నాకేమైందో తెలీదు, అన్ని రోజులుగా మాట పెగలని దాన్ని "ఎల్లుండి రా, ఒలుపువాళ్ళకి కూడా చెప్పు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పటిదాకా మా ఇంటికి ఎంతమంది వచ్చారో. అందరూ ప్రేమగానే వచ్చారు, ఎవర్నీ తప్పుపట్టను. కాకపోతే వచ్చినవాళ్ళంతా నాతో ఏదో ఒకటి చెప్పారు, దేవుడు అంతవరకే రాశాడనీ, పిల్లల కోసం ధైర్యంగా ఉండాలనీ, ఆయన పుణ్యాత్ముడు కాబట్టి మంచం పట్టకుండా పోయాడనీ. నన్ను ఏదైనా అడిగిన మనిషి మాత్రం అతనొక్కడే. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఆ చాప మీద నుంచి లేపింది. ఇంట్లో మనిషి పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం మాట్లాడాలో తెలీక ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది ఉంటారు కదా, వాళ్ళకి ఇది చెప్పాలనే చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. రెండెకరాల కొబ్బరి, మధ్యలో కోకో, గట్టున కొన్ని అరటి చెట్లు, ఇంటి వెనక ఒక గేదె. తోటలో సగం చెట్లు 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి పడిపోతే మా ఆయన మళ్ళీ వేసినవే. ఆ రాత్రి తెల్లారేసరికి కోనసీమ అంతా తలలు తెగిన చెట్లే. పడిన చెట్లు కోయించి, మోడులు తవ్వించి, మొక్క తెచ్చి పెట్టి, అది గెల వేయడానికి ఆరేడేళ్ళు ఆగారు. ఆ ఆరేడేళ్ళూ మేం ఎలా బతికామో నాకు తెలుసు. అందుకే ఆ చెట్ల మీద నాకంత మమకారం, ఒక్కోదాని పక్కన నిలబడితే దానికి బిందెతో నీళ్ళు మోసిన రోజులు గుర్తొస్తాయి.

పెళ్ళైన దగ్గర్నుంచి తోట సంగతులన్నీ ఆయన రాత్రి అన్నం దగ్గర చెప్పేవారు. ఏ చెట్టుకి కొమ్ము పురుగు పట్టింది, ఏ వ్యాపారి కొసరు ఎక్కువ అడుగుతున్నాడు, పచ్చికాయ వెయ్యికి ఎంత పలుకుతోంది, ఎండు కొబ్బరి కురిడీలో గండేరా రకం ఎంత, గటగట రకం ఎంత, అన్నీ. కాబట్టి నాకు తెలియనిదంటూ లేదు, అడిగేవాళ్ళే లేరు. పల్లెటూళ్ళలో ఎందరో ఆడవాళ్ళ పరిస్థితి ఇదే. సేద్యమంతా తెలిసినా రైతు అంటే మాత్రం ఆయనే.

ఆ మొదటి దింపు రోజు సంగతి చెప్పాలి. కాయలు రాశి పోశారు, ఒలుపు అయింది, వ్యాపారి మనిషి లెక్క పెడుతున్నాడు. ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి చేతికి రెండేసి కాయలు విసురుతూ పాటలాగా లెక్క పెడతారు, చిన్నప్పటి నుంచీ వింటున్న పాటే. నేను ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. లెక్క అయ్యాక వ్యాపారి నా వంక చూడకుండా, "రేటు మీ అబ్బాయిగారితో ఫోన్లో మాట్లాడమంటారా?" అన్నారు. ఆయనేం చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నన్ను శ్రమ పెట్టడం ఎందుకని అన్నారు. "నాతోనే మాట్లాడండి" అన్నాను. మాట్లాడారు. ఆయన చెప్పిన రేటు, ఆ పొద్దున అంబాజీపేట మార్కెట్లో నేను కనుక్కున్న రేటు ఒక్కటే. అది చాలు నాకు.

ఇక ఊరి కట్టుబాట్ల గురించి. పదో రోజు నాకు అందరికీ చేసినట్టే చేశారు. ముందు చేతినిండా గాజులు వేశారు, తలనిండా పూలు పెట్టారు, పసుపు రాశారు, పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశారు. తర్వాత అందరి ఎదుటా ఒక్కొక్కటే తీసేశారు. ఏడుస్తున్న మనిషిని అంతలా అలంకరించి మళ్ళీ వలిచేయడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ పని చేసినవాళ్ళు కూడా ఏడుస్తూనే చేశారు, ఒక్కరికీ ఇష్టం లేదు, అయినా జరిగిపోయింది. ఆ తర్వాత ఏడాది తిరిగేదాకా ఎవరింటి గడపా తొక్కకూడదనీ, పొద్దున్నే ఎవరికీ ఎదురుపడకూడదనీ. మాకు తోటకి వెళ్ళాలంటే వీధి దాటాలి. మొదట్లో వెనక దొడ్డి దారిన, కాలవ గట్టు మీద చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

అది చూసి మా పక్కింటి మామ్మగారు ఒకరోజు నన్ను పిలిచారు. ఆవిడకి ఎనభై దాటాయి, చిన్న వయసులోనే భర్త పోయాడు. "నన్ను ఏడాదిపాటు ఆ మూలగదిలో కూర్చోబెట్టారమ్మాయ్. బయటికి వచ్చేసరికి నాకు మాట్లాడటం మరిచిపోయినట్టయింది. నువ్వు కూర్చోకు. వీధిలోంచే వెళ్ళు, ఎవరైనా ఏమైనా అంటే నేను పంపానని చెప్పు" అన్నారు. మర్నాటి నుంచి వీధిలోంచే వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు తలుపు దగ్గరగా వేసుకున్నారు, నిజమే. ఎక్కువమంది మాత్రం "తోటకేనా అక్కా" అని పలకరించారు.

రాజమండ్రి మాకు ఎంత దూరం? కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది అక్కడే, 1881 డిసెంబరు 11న. మా పిల్లలు బళ్ళో చదువుకున్నారు, పరీక్షల్లో రాశారు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్ళో అయితే 2022లో గ్రామ పంచాయతీయే తీర్మానం చేసింది, గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, మంగళసూత్రం తీయించడం ఇకమీదట మా ఊళ్ళో ఉండకూడదని. పంచాయతీ అలా చేయగలిగితే మన పంచాయతీలు ఎందుకు చేయలేవు? మా గ్రామసభలో ఎప్పుడూ రోడ్డు, మురుగు కాలవ, వీధి దీపాలే మాట్లాడతారు. అవీ కావాలి. ఇది కూడా మాట్లాడాలి. నేను మాట్లాడదామనే ఉన్నాను.

కాగితాల సంగతి కూడా చెప్తాను, ఇంకొకరికి ఉపయోగపడొచ్చు. మనిషి పోయాక ఇరవై ఒక్క రోజుల్లోపు మరణం నమోదు చేయిస్తే పని తేలిక, ఆ సర్టిఫికెట్ నకళ్ళు నాలుగైదు ఎక్కువే తీసుకోండి, అడగని చోటు లేదు. గ్రామ సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టాలి, అది వచ్చాకే పొలం పేరు మార్పిడి. ఆయనకి వచ్చే వృద్ధాప్య పెన్షన్ ఆగిపోయి నాకు 4,000 వితంతు పెన్షన్ మొదలైంది. 2024 నవంబరు నుంచి, పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకి ఎక్కువ కాలం ఆగకుండా ఇచ్చేలా మార్చారు, చాలామందికి ఇది తెలీదు, అడిగి తెలుసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పోయినవాళ్ళ ఫోన్ నంబరు ఆపేయకండి. బ్యాంకు, గ్యాసు, ఆధార్ అన్నిటికీ ఓటీపీ దానికే వస్తుంది. ఆయన ఫోన్‌కి నేను ఇప్పటికీ రీచార్జ్ చేయిస్తున్నాను, టీవీ పక్కన అల్మరాలో ఛార్జింగ్ పెట్టి ఉంచుతాను.

దానికి ఓటీపీలే కాదు, ఫోన్లూ వస్తాయి. తెలియనివాళ్ళు చేస్తుంటారు. రావులపాలెం నుంచి అరటి గెలల కోసం ఒకరు, ఎప్పుడో ఆయనతో కలిసి చదువుకున్నవారు ఒకరు. "ఆయన లేరండి" అని చెప్పడం మొదట్లో నా వల్ల అయ్యేది కాదు, ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయేదాన్ని. ఆ చదువుకున్న స్నేహితుడైతే ఫోన్లోనే వెక్కి వెక్కి ఏడ్చారు, నేనే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. జూన్ నెలలో కడియం నుంచి ఒక నర్సరీ అతను చేశాడు. "మీరు చెప్పిన కొబ్బరి మొక్కలు వచ్చాయండీ, ఎప్పుడు పంపమంటారు?" అని. పోయేముందు ఆయన ఖాళీల్లో వేయడానికని అడ్వాన్సు ఇచ్చి వచ్చారట. నాకు ఆ సంగతి చెప్పలేదు, చెప్పే టైము లేకపోయింది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, ఆరేడేళ్ళకి గాని గెల వేయని మొక్కలకి డబ్బు కట్టి వచ్చాడు. ఆ సాయంత్రం చాలాసేపు ఏడ్చాను. మర్నాడు ఫోన్ చేసి పంపమన్నాను. తొలకరి పడ్డాక గోతులు తీయించి వేయించాను.

ఇంకొకటి, కురిడీ. 2024 దసరా అయ్యాక మా ఆయన మంచి కాయ చూసి, పీచుతోనే, షెడ్డు అటక మీద పోయించారు. కురిడీకి పోసిన కాయని ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా కదపకూడదు. లోపల నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోయి గుండులా అవుతుంది, అప్పుడు కాయ ఊపితే లోపల కదిలిన చప్పుడు వస్తుంది. ఆయన పోయాక నెలల తరబడి ఆ షెడ్డులోకి వెళ్ళబుద్ధి కాలేదు. శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఎక్కి ఒక కాయ తీసి ఊపాను. చప్పుడు వచ్చింది. ఇంకోటి తీశాను. అదీ వచ్చింది. ఆయన పోసిన కాయ ఆయన లేకుండానే తయారైపోయింది.

ఎవరైనా రైతుని అడగండి, 2023లో కొబ్బరి రేటు ఎంత దారుణంగా పడిపోయిందో చెప్తారు. దింపు కూలి, ఒలుపు కూలి పోను చేతికి ఏమీ మిగిలేది కాదు. రేటు పెరిగేదాకా ఆగుదామనే ఆయన అటక నింపింది. 2025లో పెరిగింది, మేమెవ్వరం ఊహించనంత పెరిగింది. ఆయన చూడలేదు. నాకు ఈ ఏడాది మొత్తంలో అన్నిటికన్నా కష్టమైంది ఇదే. కష్టం వచ్చిన రోజు మనిషి లేకపోవడం ఒక రకం, మంచి కబురు చెప్పుకోవడానికి లేకపోవడం ఇంకో రకం, రెండోది నేను తట్టుకోలేకపోయాను. వ్యాపారి రేటు చెప్పి వెళ్ళాక ఇంట్లో కూర్చోలేక మామ్మగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడకి కొబ్బరి లెక్కలు తెలీవు. "అంటే ఎంతమ్మాయ్? ముందెంత ఉండేది? మీ ఆయన ఉంటే ఏమనేవాడు?" అని ఒక్కొక్కటే అడిగారు. ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క వేసుకున్నాం, ఎన్ని కాయలు, కూలి ఎంత, పీచు అమ్మితే ఎంత. ఆయన ఏమనేవారో కూడా చెప్పాను. "ఇంకో వారం ఆగితే ఇంకా పెరుగుతుందే" అనేవారు. మామ్మగారు నవ్వారు, "అయితే నువ్వూ వారం ఆగు" అన్నారు. ఆగలేదు, అమ్మేశాను.

రాత్రుళ్ళ గురించి అందరూ అడుగుతారు, ఒక్కదానివే ఎలా ఉంటున్నావని. మామూలు రాత్రుళ్ళు పర్వాలేదు. సాయంత్రం పాలు పితికి కేంద్రానికి పంపేసరికి చీకటి పడుతుంది, ఉదయం మిగిలిన కూర వేడి చేసుకుంటాను, సీరియల్ చూస్తాను, నిద్ర పడుతుంది. ఒక్కరికి వండుకోవడం మాత్రం ఇంకా చేత కావడం లేదు, చారు పెడితే రెండు రోజులకి వస్తోంది. భయపడిన రాత్రంటే ఒక్కటే, 2025 అక్టోబరు 28, మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి. మా అబ్బాయి హైదరాబాదు నుంచి గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు, పునరావాస కేంద్రానికి వెళ్ళమని. గేదెని వదిలి ఎలా వెళ్తాను? కట్టు విప్పేసి, దూడని వరండాలోకి తెచ్చుకున్నాను. కరెంటు పోయింది, గాలి హోరు మొదలైంది. 1996లో ఆయన తలుపుకి వీపు ఆనించి రాత్రంతా నిలబడ్డారు, పిల్లల్ని మంచం కింద పడుకోబెట్టి నేను వాళ్ళ మీద దుప్పటి పట్టుకుని కూర్చున్నాను. ఈసారి తలుపుకి బియ్యం బస్తాలు అడ్డం పెట్టాను. పదకొండు దాటాక ఎదురింటి కుర్రాడు టార్చిలైటు పట్టుకుని తడిసిపోయి వచ్చి, "పెద్దమ్మా, మా అమ్మ రమ్మంటోంది, లేకపోతే తనే ఇక్కడికి వస్తానంటోంది" అన్నాడు. వాళ్ళమ్మే వచ్చింది, వద్దన్నా వినలేదు. ఆ గాలి కింద ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు, ఎక్కువగా ఏ చెట్టు ఎటు పడొచ్చు అనే. తెల్లారి చూస్తే అరటి అంతా నేలమట్టం, కొబ్బరి రెండు మూడు చెట్లు విరిగాయి. కడియం మొక్కలు బురదలో వంగినా నిలబడ్డాయి. నిలబెట్టి చుట్టూ మట్టి ఎగదోశాను.

అబ్బాయి రమ్మంటాడు. కోడలు కూడా మనస్ఫూర్తిగానే పిలుస్తుంది. కొన్నాళ్ళు వెళ్ళి ఉన్నాను, మనవరాలితో బాగుంది. ఆ పదో అంతస్తులో పొద్దున్నే లేచి నాకు చేయాల్సిన పని ఏమీ ఉండదు, నన్ను ఏ పనీ చేయనివ్వరు, అది వాళ్ళ ప్రేమ. నాకు మాత్రం పని లేని రోజునే ఆయన లేరని ఎక్కువ తెలుస్తుంది. తోట అయితే ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఆకుల కింద తెల్లదోమ చేరింది, పై ఆకు నల్లబడుతోంది, అంబాజీపేట పరిశోధన కేంద్రానికి వెళ్ళి అడిగితే మందు విచ్చలవిడిగా కొట్టొద్దు, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చిపోతాయి అని చెప్పి జీవ శిలీంధ్రం వాడమన్నారు. వాడాం. కొంచెం తగ్గింది.

డిసెంబరులో సంవత్సరీకం అయింది. ఈ కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. ప్రభలంటే దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసే, అలంకరించిన పెద్ద వెదురు చట్రాలు. పదకొండు ఊళ్ళ రుద్రులు ఒక్కచోట చేరతారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి వచ్చేటప్పుడు చూడాలి, పీకల్లోతు నీళ్ళలో దిగి, ప్రభ తడవకుండా భుజాల మీద పైకెత్తి దాటిస్తారు, ఒడ్డున జనమంతా ఒకే కేక. వయసులో ఉండగా మా ఆయన మా ఊరి ప్రభ మోసేవారు, వారం రోజులు భుజం కమిలిపోయి ఉండేది, నేను కాపడం పెట్టేదాన్ని. అక్కడ ఎవరో ఒకావిడ నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఇంకొకావిడ చెయ్యి పట్టుకుని జీళ్ళు కొనిపెట్టింది. ఆ రెండో ఆవిడ పేరు కూడా తెలీదు.

మొన్న పొరుగూళ్ళో మా దూరపు చుట్టం ఒకాయన పోయారు. ఆయన భార్య నాకన్నా చిన్నది. వెళ్ళేటప్పటికి గోడకి జారగిలబడి కూర్చుని ఉంది, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. అందరూ చెప్తున్నారు, తను వినడం లేదు. నేను పక్కన కూర్చుని కాసేపు ఊరుకుని, "మీ గేదెకి పాలు ఎవరు పితుకుతున్నారమ్మా?" అని అడిగాను. తలెత్తి చూసింది. "కొత్త చెయ్యి పడితే తన్నేస్తోంది వదినా, రెండు రోజుల్నించి పొదుగు గట్టిపడి జ్వరం కూడా ఉన్నట్టుంది, ఎవరికి చెప్పాలో తెలీడం లేదు" అంది. ఎన్నో ఈత, ఎన్ని లీటర్లు ఇస్తుంది, పొదుగు ఏ వైపు గట్టిపడింది అని అడిగాను. అన్నీ చెప్పింది. ఇద్దరం లేచి దొడ్లోకి వెళ్ళి చూశాం, వెనక ఎడమవైపుది వేడిగా ఉంది. అక్కడి నుంచే మా పశువుల డాక్టరుగారికి ఫోన్ చేసి తనకే ఇచ్చాను, తనే మాట్లాడింది. సాయంత్రం నాలుగింటికి వస్తానన్నారు.